ఆ పిల్లను ఏ భాషలో పిలవాలి

కాలువ కింద, క్యాంపులని పిలిచే కొత్త ఊళ్ళు మొలుస్తున్న రోజులవి. సింధనూరు దాటాక బస్సు దిగి, గొడుగు వేసుకుని, కాలువ గట్టు మీద ఆ క్యాంపుకు మొదటిసారి నడిచినప్పుడు మెలకువలో ఉన్నానో కలలో ఉన్నానో తెలియలేదు. ఎడమవైపు నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న నేలే: నల్లరేగడి, జొన్న కొయ్యకాళ్ళు, దూరంగా రాతిగుట్టలు. కుడివైపు మాత్రం ఆకాశం కిందికి దిగి పడుకుని ఉంది. అవి దమ్ము చేసిన మళ్ళలో నిలిచిన నీళ్ళని తెలియడానికి కాసేపు పట్టింది. ఆ నీళ్ళలో మబ్బులు, మబ్బుల మధ్య వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు.

మాది రాయచూరు. బజారులో మా నాయనకు బట్టల దుకాణం ఉండేది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, దుకాణంలో ఆ రెండూ, వాటి మీద ఉర్దూ. టీచరు ట్రైనింగు అయ్యాక నన్ను ఆ క్యాంపు బడికి వేసింది భాషలు వచ్చుననే. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని వరి పెట్టిన రైతుల పిల్లలు వాళ్ళు. బడి కన్నడం. పిల్లలకు కన్నడం రాదు, హెడ్మాస్టరుకు తెలుగు అంతంతమాత్రం. మధ్యలో నేను.

నాకు గది ఇచ్చిన ఇంట్లో భార్యాభర్తలు, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఉండేవాళ్ళు. ఆ పిల్లకు ఏడేళ్ళుంటాయి. నేను ట్రంకు పెట్టె దించుతుంటే గుమ్మంలో నిలబడి నా గొడుగు వంక చూసింది. "నీ పేరేంది బిడ్డా?" అన్నాను. నా నోటి వంక ఎంత శ్రద్ధగా చూసిందంటే, అక్కడ ఏదో పిట్ట వాలిందనుకోవాలి. జవాబు రాలేదు.

"దానికి వినపడదండీ, పంతులమ్మగారూ," అంది లోపలినుంచి వచ్చిన తల్లి. "పుట్టినకాణ్ణించీ అంతే."

ఆ ఇంట్లో ఎవరి పేరూ నేనిక్కడ రాయను. ఆ పిల్ల దగ్గర మాకందరికీ వేరే పేర్లుండేవి. ముక్కు మీద వేలు పెడితే ముక్కుపుడక, అంటే అమ్మ. పెదవి మీద లేని మీసం దువ్వితే నాన్న. రెండు వేళ్ళతో ముక్కులోకి పొడి ఎగపీల్చినట్టు చేస్తే నశ్యం పీల్చే మా హెడ్మాస్టరు. నెత్తి మీద గుప్పిట తెరిచి మూస్తే గొడుగు, అంటే నేను. ఆ పేర్లన్నీ ఆమె పెట్టినవే. వాటిని తిరిగి ఆమెతో అనేవాళ్ళే లేరు. అన్నీ ఆమె పిలిచే పిలుపులే, ఆమెను పిలిచే పిలుపు ఒక్కటీ లేదు.

చెవిలో తులసి రసం పోశారట, మొక్కులు మొక్కారట, పెద్దాసుపత్రికీ తీసుకెళ్ళారట. అక్కడి డాక్టరు చెవిలోకి దీపం వేసి చూసి, మందు లేదు, చదువు చెప్పించండి అన్నాడట. తండ్రి ఆ మాట చెప్పి చేతులు దులుపుకున్నాడు.

"వినపడని పిల్లకి చదువేందండీ? గోడకి చెప్పినట్టు కాదా?"

తల్లి మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది. "అంత పెద్ద డాక్టరు ఉత్తినే అనుండడు కదండీ," అనేది నాతో. "చదువంటే మీరేగా. అదెట్టాగో మీరే చెప్పండి."

అదెట్టాగో నాకూ తెలియదు. ట్రైనింగులో అటువంటి పిల్లల గురించి ఎవరూ చెప్పలేదు. తెలియదని అంటే ఆమె ముఖంలో దీపం ఆరిపోతుందని, "చూద్దామక్కా" అన్నాను.

హెడ్మాస్టరు మంచివాడే. నశ్యం డబ్బీ చేతిలో తిప్పుతూ చాలాసేపు ఆలోచించి, "కుంద్రలి బిడ్రి. హెసరు మాత్ర ఈగ బ్యాడ," అన్నాడు. కూర్చోనివ్వండి, పేరు మాత్రం ఇప్పుడే రాయొద్దు అని. అలా ఆ పిల్ల పేరు లేకుండానే బడిలోకి వచ్చింది. నా బల్లకు దగ్గరగా, కిటికీ పక్కన కూర్చునేది. కిటికీలోంచి మడి వెలుతురు వచ్చి ఆమె పలక మీద అటూ ఇటూ కదిలేది. నేను బోర్డు మీద ఏది రాస్తే అది, ఒక్క వంపు పోకుండా దించేది. మిగతా పిల్లలు లేచి వచ్చి ఆ అక్షరాలు చూసేవాళ్ళు. కానీ ఆమెకు అవన్నీ ముగ్గులు. చెట్టుకు కన్నడం మాట 'మర' రాసి, కిటికీ బయట చెట్టు చూపిస్తే, చెట్టును చూసేది, పలకను చూసేది, నన్ను చూసి నవ్వేది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆమెకు ఎవరు చెప్పాలి? ఏ నోటితో చెప్పాలి?

ఒక ఆదివారం ఆ తల్లీ నేనూ కలిసి చీటీలు రాసి ఇంట్లో వస్తువులకు అంటించడం మొదలుపెట్టాం. అన్నం మెతుకులే జిగురు. ఉప్పు జాడీకి 'ఉప్పు', తలుపుకు 'తలుపు', దూడ కట్టుగుంజకు 'దూడ'. పిల్ల మా వెనకాలే తిరిగింది. కొన్నాళ్ళ దాకా ఏమీ జరగలేదు. ఒకరోజు పొద్దున వర్షానికి దూడ చీటీ ఊడి వాకిట్లో పడింది. ఆ పిల్ల దాన్ని తీసి, కొట్టంలోకి వెళ్ళి, దూడ నుదుటి మీద పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంది. దూడ తల విదిలిస్తుంటే వదలకుండా మా వంక చూసింది. వాళ్ళమ్మ చేతిలో పాలచెంబు అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం తండ్రి పొలం నుంచి వచ్చి, కాళ్ళ బురద కూడా కడుక్కోకుండా చీటీలన్నీ తిరిగి చూశాడు. ఉప్పు జాడీ దగ్గర ఆగాడు. ఆయనకు చదువు కొంచెం వచ్చు.

"ఇది తెలుగాండీ, కన్నడమాండీ?"

"ఉప్పు రెంట్లనూ ఉప్పే అన్నా. రాత గూడ ఇంచుమించు ఒక్కటే," అన్నాను నవ్వుతూ.

ఆయనా నవ్వాడు. తర్వాత బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళాడు. కన్నడంలో బియ్యాన్ని అక్కి అంటారు. పాలను హాలు అంటారు. ఇల్లు మనె. నేను చెబుతున్నకొద్దీ ఆయన ముఖంలో నవ్వు తగ్గిపోయింది. అరుగు మీద కూలబడ్డాడు.

"మనం చెవులున్నోళ్ళం. నాలుగూళ్ళు తిరిగితే నాలుగు భాషలు వాటంతటవే వస్తాయి. దీనికి ఒక్కటి నేర్పడానికే ఇంత కట్టమైతే, ఆ ఒక్కటీ ఏది నేర్పాలండీ? మేం ఇంక వెనక్కి పోయేది లేదు. దీని బతుకంతా ఇక్కడే. సంత కన్నడం, ఆఫీసు కన్నడం, బస్సు మీద రాత కన్నడం. కన్నడమే నేర్పండి."

తల్లి పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. ఆమె ఆయనకు ఎదురు చెప్పడం నేను అంతవరకు వినలేదు.

"నా నోరు తెలుగు మాట్టాడుద్ది. నా నోరు దానికి తెలీకపోతే, నేనెవరు దానికి? సంతలో వాళ్ళతో మాట్టాడి, ఇంటికొచ్చి నాతో మూగనోము పట్టాలా?"

ఇద్దరూ నా వంక చూశారు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. బయట చీకటి పడకముందు ఉండే నీలం వెలుతురులో మళ్ళన్నీ మెల్లగా కదులుతున్నట్టున్నాయి. పిల్ల వాళ్ళ నాన్న కాలి మీద ఎండిన బురదను గోటితో పెచ్చులు పెచ్చులుగా తీస్తూ ఆడుకుంటోంది.

ఆ నెల జీతానికి రాయచూరు వెళ్ళినప్పుడు మా నాయనతో చెప్పాను. సరుకు కోసం హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆయన అక్కడ విచారించి వచ్చాడు. చెవిటి పిల్లలకని ఒక బడి ఉందట, తెలుగులో చెబుతారట, పిల్లలు అక్కడే ఉంటారట. మైసూరు వైపు కన్నడంలో చెప్పేది ఒకటి ఉందని కూడా ఎవరో అన్నారట. "ముందుగాల ఒకటి చూసి రాండ్రి. చూడంగనే చేర్పించాలె అని ఏం లేదు," అన్నాడు నాయన. ఆ మాటే నేను క్యాంపుకు తీసుకొచ్చాను. చూసి రావడానికైతే తండ్రి ఒప్పుకున్నాడు.

కాలువకు నీళ్ళు కట్టేసిన ఎండాకాలంలో నలుగురం బయలుదేరాం. రాయచూరులో రైలెక్కాక కాసేపటికి కృష్ణ వంతెన వచ్చింది. ఎండకు నది సన్నబడి, బండల మధ్య అద్దపు ముక్కల్లా అక్కడక్కడా మెరుస్తోంది. తల్లి లేచి కిటికీకి చేతులు జోడించింది. "ఈ నీళ్ళే కదండీ మా ఊరికి పొయ్యేది," అంది. తర్వాత మళ్ళీ కూర్చుని, ఆ ఊరి మాట ఎత్తలేదు. పిల్ల రైలు గోడకు అరచేతులు ఆనించి కళ్ళు మూసుకుంది. చక్రాల అదురు ఆమె చేతుల్లోంచి ఒంట్లోకి పాకుతోందని ముఖం చూస్తే తెలిసేది. హైదరాబాదు దాకా అలాగే కూర్చుంది, నిద్రపోయిందో లేదో తెలియకుండా.

ఆ బడి పెద్ద ఒకావిడ, నెరసిన జుట్టు. ముందు మాకు తరగతి చూపించింది. పిల్లలందరూ చేతులు కట్టుకుని టీచరు నోటి వంకే చూస్తున్నారు. ఆ టీచరు పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని 'ప' అంది. కాగితం రెపరెపలాడింది. 'మ' అంది. కాగితం కదల్లేదు. ఒక్కొక్క పిల్ల లేచి, కాగితం పట్టుకుని, తనకు వినపడని ఆ 'ప' కోసం ఊదుతోంది. కాగితం కదిలినప్పుడు వాళ్ళ కళ్ళు చూడాలి.

పెద్దావిడ మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి అడిగింది: "పిల్ల దినమంతా ఇంట్ల ఏం చేస్తది? ఎవలతోని ఆడుకుంటది? ఆకలైతే ఎట్ల చెప్తది?"

తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్లకు ఏం లేదో అడిగినవాళ్ళే గాని, ఏం చేస్తుందో అంతవరకు ఎవరూ అడగలేదు. మెల్లగా తల్లి చెప్పడం మొదలుపెట్టింది. ముక్కుపుడక, మీసం, గొడుగు, దూడ నుదుటి మీద చీటీ. చెబుతూ చెబుతూ తన కూతురు ఎన్ని సంగతులు చేస్తుందో ఆమెకే కొత్తగా తెలుస్తున్నట్టు ఆశ్చర్యపోయింది.

తండ్రి తన ప్రశ్న అడిగాడు. ఏ భాష?

"మొదలు ఒక్కటే," అంది పెద్దావిడ. "రెండు ఒక్కసారి పెడితే పిల్ల ఆగమైతది. తల్లి నోట్ల ఉన్న భాషనే మొదటిది కావాలె. సెలవులకు ఇంటికి పోతే ఎవల పెదాలు చూస్తది? తల్లివే కద. ఒక్కటి గట్టిగ పట్టుకుంటే రెండోదానికి తొవ్వ దొరుకుతది. ఎప్పుడంటే మాత్రం నేను చెప్పలేను." తర్వాత తల్లి వైపు తిరిగింది. "నీకు రాసుడు వస్తదా అమ్మా?"

రాదంది తల్లి.

"నేర్చుకో. అది రాసింది చదువుతందుకు ఇంట్ల ఒకలుండాలె."

అప్పుడు చూశాం, పక్కన పిల్ల లేదు. కంగారుగా బయటికి వచ్చాం. తరగతి వదిలారు. వేపచెట్టు కింద పిల్లల చేతులన్నీ లేచి గాలిలో ఎగురుతున్నాయి. చప్పుడు లేదు, కానీ అంత గొడవగా మాట్లాడుకునే పిల్లల్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ మధ్యలో మా పిల్ల ఉంది. ఒక పెద్ద పిల్ల ఆమె జడ పట్టుకుని ఏదో అడిగింది. మా పిల్ల నెత్తి మీద రెండు వేళ్ళు పెట్టి తల విదిలించింది. మా దూడ! పెద్ద పిల్లకు అర్థమైంది. ఎంత ఉంటుంది అన్నట్టు చేయి కింద పెట్టి పైకి లేపింది. మా పిల్ల ఆ చేతిని పట్టుకుని, సరైన ఎత్తుకు దించింది.

తల్లి స్తంభానికి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మాట్టాడతందండీ," అంది. "తెలీనోళ్ళతో మాట్టాడతంది."

తండ్రి తలపాగా తీసి చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. రైలెక్కాక, "ఆడపిల్లని ఊరుగాని ఊళ్ళో వదలడం నాకిష్టం లేదు," అన్నాడు. మళ్ళీ చాలా దూరం వెళ్ళాక, "కానీ అక్కడ అది నవ్విన నవ్వు మనింట్లో ఎప్పుడూ నవ్వలా," అన్నాడు.

ఆ ఎండాకాలం సాయంత్రాలన్నీ మేం ముగ్గురం అరుగు మీద కూర్చుని ఆలోచించేవాళ్ళం. ముందు తెలుగు, హైదరాబాదులో. ప్రతి సెలవుకూ ఇంటికి తేవాలి. గట్టిపడ్డాక ఇక్కడి బడిలో కన్నడం రాత. హెడ్మాస్టరు ఆ సంగతి విని, ఈసారి తనే పేరు అడిగి హాజరు పట్టీలో రాసుకున్నాడు. ఎప్పుడు వచ్చినా చోటుంటుందన్నాడు. తల్లి రోజూ నా దగ్గర అక్షరాలు దిద్దేది. పొలంలో కలుపు తీసిన వేళ్ళు బలపాన్ని నొక్కి విరిచేసేవి. "నా చెయ్యి కొడవలికే అలవాటండీ," అని నవ్వుకునేది.

ఇన్ని అనుకున్నాం గాని ఒక్కటి మాకు తోచలేదు. వదిలి వస్తున్నామని, మళ్ళీ వస్తామని పిల్లకు చెప్పడం ఎలా? రేపు అనే మాటే ఆమె దగ్గర లేదు. దసరాకు వస్తామని దేన్ని చూపించి చెప్పాలి? చెప్పకుండా వదిలేస్తే, శాశ్వతంగా పారేశారనుకోదా?

దారి తల్లికే దొరికింది. కాలువ నీళ్ళు వదిలి, నారుమళ్ళు పోసిన రోజులవి. పిల్లను గట్టు మీదికి తీసుకెళ్ళి నారు చూపించింది. చేయి చీలమండ దగ్గర పెట్టింది. నాటు వేసినట్టు వంగి చూపించింది. చేయి మోకాలి దగ్గర పెట్టింది. తర్వాత నడుము దగ్గర పెట్టి, వేళ్ళు కిందికి వాల్చి, గింజ బరువుకు ఒరిగిన కంకిలా ఊపింది. అప్పుడు తన ముక్కుపుడక ముట్టుకుని, మీసం దువ్వి, నడిచి వచ్చినట్టు చేసి, పిల్లను గుండెకు హత్తుకుంది. కంకి వాలినప్పుడు అమ్మా నాన్నా వస్తారు. రోజూ అదే ఆట, మళ్ళీ మళ్ళీ. పిల్ల చూసేది. తిరిగి చేసేది. అర్థమైందో, ఉత్త ఆటే అనుకుందో మాకెవరికీ తెలియదు.

వదిలి వచ్చిన రోజు గురించి రాయలేను. నేను వెళ్ళలేదు కూడా. వాళ్ళిద్దరూ తిరిగి వచ్చిన సాయంత్రం మాత్రం గుర్తుంది. ఇంట్లో ఏ గిన్నె తీసినా చప్పుడు పెద్దగా అయ్యేది. పిల్ల ఉన్నప్పుడు ఆ ఇల్లు నిశ్శబ్దమనుకునేదాన్ని. కాదని ఆ రోజు తెలిసింది.

తల్లి దసరా దాకా ఆగలేకపోయింది. నాటిన చేను మోకాలి ఎత్తు వచ్చేసరికి, నన్ను తోడు తీసుకుని హైదరాబాదు బయలుదేరింది. కబురు లేకుండా వెళ్ళాం. పిల్లను పిలిపించారు. వరండా చివర మమ్మల్ని చూసి ఆగిపోయింది. పరుగెత్తుకొస్తుందనుకున్నాం. రాలేదు. కనుబొమ్మలు ముడిచి, కిందికి వంగి, మోకాలి దగ్గర చేయి పెట్టింది. ఇంకా ఇంతే కదా! తర్వాత నడుము దగ్గర చేయి పెట్టి, వేళ్ళు వాల్చి, లేదు లేదని తల అడ్డంగా ఊపింది. అప్పుడే ఎందుకొచ్చారు?

తల్లికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అక్కడే నేల మీద చతికిలపడి చేతులు చాచింది. అప్పుడు పరుగెత్తుకొచ్చింది పిల్ల. వచ్చి, తల్లి ముఖం రెండు చేతులతో పట్టుకుని, తన పెదాలు గట్టిగా మూసి తెరిచింది. "అమ్ మ," అంది. గొంతు మొద్దుగా, ఎక్కడో నీటి అడుగు నుంచి వచ్చినట్టుంది. ఆ రోజుల్లో విన్నవాటిలో చాలా మరిచిపోయాను గాని ఆ గొంతు నా చెవిలోనే ఉంది.

తర్వాత ఏళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. సెలవులకు పిల్ల వచ్చేది, కొత్త మాటలతో, కొత్త చేతి సైగలతో. కోతల తర్వాత కళ్ళంలో ధాన్యం ఎండబోసినప్పుడు తల్లీ కూతురూ అటొకరూ ఇటొకరూ గొంతుక్కూర్చుని, ధాన్యం మీద వేలితో రాసుకునేవాళ్ళు. తల్లి రాతలో వత్తులు ఎగిరిపోయేవి. కూతురు చేత్తో చెరిపి దిద్దేది. తండ్రి ధాన్యం తిరగేయడానికి వచ్చి, ఆ రాతలు పూర్తయ్యేదాకా పక్కన నిలబడేవాడు. ఆయన చేతి మాటలు సరిగా నేర్చుకోలేదు. అయినా పొలం పనుల్లో ఆ ఇద్దరికీ ఏ మాటా అవసరం అయినట్టు కనపడేది కాదు.

మేం అనుకున్నవన్నీ అనుకున్నట్టు జరగలేదు. కన్నడం నేర్చుకోవడానికి ఆ పిల్ల మా బడికి తిరిగి వచ్చేసరికి నాకు బదిలీ అయింది. హెడ్మాస్టరు చోటు ఉంచాడు గాని, పెద్దదైపోయిన పిల్ల చిన్నపిల్లల మధ్య కూర్చోనంది. కొన్నాళ్ళకు మానేసింది. మొత్తం పాడైపోయిందని తండ్రి నన్ను వెతుక్కుంటూ రాయచూరు వచ్చి బాధపడ్డాడు. హైదరాబాదు బడిలో ఆమెకు కుట్టుపని నేర్పారు కదా అన్నాను. అదే దారి అవుతుందని అప్పుడు నాకూ గట్టిగా తెలియదు.

చివరిసారి ఆమెను చూసింది సింధనూరులో, బస్టాండు వెనక సందులో. ఒక మిషను, ఒక బల్ల, గోడకు వేలాడే రవికలు. గోరేబాళ నుంచి వచ్చిన ఒక కన్నడామె కొలతల రవిక ఇచ్చి గబగబా ఏదో చెబుతోంది. ఈమె ఆమె నోటి వంక చూస్తూ తల ఊపి, "నాళె బా," అంది. రేపు రా అని. కన్నడం ఎప్పుడు వచ్చిందో, ఎవరి పెదాల మీంచి ఏరుకుందో! వచ్చిపోయే ఆడవాళ్ళే నేర్పారని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది.

ఆ కన్నడామె వెళ్ళాక నన్ను చూసింది. గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. లేచి వచ్చి, మెడలో ఉన్న టేపు తీసి, నేనేమీ అడక్కుండానే నా భుజాలకు చుట్టి కొలిచింది. కొలిచి, కోపంగా నా వంక చూసింది.

"చిక్కిపోయావ్," అంది తెలుగులో. అని, మిషను మీది బట్ట పక్కకు జరిపి, నాకు అన్నం తేవడానికి లోపలికి వెళ్ళింది.